రాయని తరుగు

భూమి మీద నీటికి కొదవ లేదు. నేను రాసిన పరిశోధనా పత్రాల్లో తొమ్మిదింటికి మొదటి వాక్యం ఇదే, మాటలు కొంచెం అటూ ఇటూ మార్చి. నీటిని విడగొడితే హైడ్రోజన్ వస్తుంది, దాన్ని మండిస్తే మళ్లీ నీరే అవుతుంది, పొగ ఉండదు, బూడిద ఉండదు, అందుకని నేను చేసిన ఈ లోహ ఆక్సైడ్ ఉత్ప్రేరకం లోకానికి అవసరం. ఈ వరసలో చెప్పుకొస్తే ఎవరూ అడ్డు తగలరు. నన్ను తొమ్మిదిసార్లూ ఎవరూ ఆపలేదు.

పదోసారి నా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి ఆపింది. ఆమెది జమ్మలమడుగు వైపు. గండికోట జలాశయంలో నీళ్లు నింపినప్పుడు ఖాళీ చేయించిన ఊళ్లలో వాళ్లదొకటి. చిత్తుప్రతి ఇచ్చి టైపు చేసి తెమ్మంటే, తెచ్చి బల్ల మీద పెట్టి, "అంతా కొట్టినా సార్. మొదటి లైను మాత్రం నాతో కాలేదు. అది మీరే కొట్టుకోండి" అంది. కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. ఆ లైను ఉండాల్సిన చోట ఖాళీ వదిలింది. ఆ సాయంత్రం ఆ ఖాళీ ముందు చాలాసేపు కూర్చుండిపోయాను.

ఎందుకంటే ఆ వాక్యం రాయకూడనివాళ్లలో మొదటివాణ్ణి నేనే. మా ఊరు ప్రొద్దుటూరు. అమ్మ పుట్టిల్లు పులివెందుల పక్కన పల్లె. ఎండాకాలం సెలవులకు పోతే మామ చీనీ తోటలోనే పడుకునేవాళ్లం. బోరు నీళ్లు కాలవలో పారే చప్పుడు వింటూ నిద్రపోయిన రాత్రులు గుర్తున్నాయి. ఆ బోరు ఎండింది. ఇంకాస్త లోతుకు ఇంకొకటి వేశాడు. అదీ ఎండింది. నేను డిగ్రీకి వచ్చేసరికి రిగ్గు బండి తోటలోకి వచ్చిందంటే ఆ పూట ఇంట్లో ఎవరికీ అన్నం సయించేది కాదు. పొడి దుమ్ము తెల్లగా లేస్తుంటే అత్త చెట్టు మొదట్లో కూర్చుని దండం పెట్టుకుంటూ ఉండేది. చివరికి ట్యాంకర్లు తోలించి పాదులు తడిపారు. చీనీ చెట్టును కాపుకు తేవాలంటే ఏళ్లకేళ్లు సాకాలి, ఎండిపోవడానికి ఒక్క వేసవి చాలు. మామ తోట కొట్టించి కట్టెలకు అమ్మిన ఏడే నేను ఎమ్మెస్సీలో చేరాను. ఆ డబ్బుల్లో కొంత నా హాస్టల్ ఫీజుకు వచ్చింది. ఆ డబ్బుతో చదివినవాణ్ణి నీటికి కొదవ లేదని రాశాను.

ఆ రాత్రే ఒక లెక్క వేశాను, అన్నేళ్లలో ఒక్కసారీ వేయని లెక్క. కిలో హైడ్రోజన్ రావాలంటే తొమ్మిది కిలోల నీరు పోవాలి. దానితోపాటు ఎనిమిది కిలోల ఆక్సిజన్ వస్తుంది. 2023 జనవరి 4న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన జాతీయ హరిత హైడ్రోజన్ మిషన్ 2030 నాటికి ఏటా 50 లక్షల టన్నుల హైడ్రోజన్ తయారు కావాలని లక్ష్యం పెట్టుకుంది. దానికి నాలుగున్నర కోట్ల టన్నుల నీరు కావాలి. మన కొలతలో 1.6 టీఎంసీలు. శుద్ధి చేయడానికీ యంత్రాలను చల్లబరచడానికీ కలిపి మూడింతలు వేసుకున్నా ఐదు టీఎంసీలు దాటదు. గండికోట జలాశయం సామర్థ్యం 26.85 టీఎంసీలు. దేశమంతా తయారు చేయాలనుకుంటున్న హైడ్రోజన్‌కు మా జిల్లాలోని ఒక్క జలాశయంలో ఐదో వంతు సరిపోతుంది.

ఆ అంకె చూసి నాకు ఊరట కలిగింది. ఆ ఊరటను తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. నేను రాసింది మరీ అబద్ధమేమీ కాదు కదా అని నన్ను నేను సమాధానపరచుకోవడానికే ఆ లెక్క వేసుకున్నాను. పొద్దున్నే అమ్మాయికి చూపించాను. కాగితం రెండుసార్లు చదివి, "బాగుంది సార్, ఇదే రాయండి. యాడి నీళ్లో కూడా రాయండి" అంది.

యాడి నీళ్లు. అసలు సంగతంతా ఆ మాటలో ఉంది. 2025 జనవరిలో ప్రధాని శంకుస్థాపన చేసిన పూడిమడక హైడ్రోజన్ కేంద్రం విశాఖ దగ్గర, సముద్రం ఒడ్డున వస్తోంది. అక్కడ ఉప్పునీటిని శుద్ధి చేసుకోవచ్చు. ఎండ మాత్రం మా దగ్గర ఉంది. జమ్మలమడుగు దాటి మైలవరం మండలంలోకి పోతే సోలార్ పలకలు కనుచూపు మేర పరుచుకుని ఉంటాయి, అక్కడ తలపెట్టింది వెయ్యి మెగావాట్ల పార్కు. ఆ కరెంటు పక్కనే నీటిని విడగొడదామని రేపు ఎవరైనా వస్తే, ఆ నీళ్లు పెన్నవా, బోరువా? బోరువైతే వాటిలో ఉప్పూ ఫ్లోరైడూ తీసేశాక మిగిలే చెడు నీళ్లు ఎవరి చేలోకి పోవాలి? మా ఊళ్లలో ఆర్వో ప్లాంటు పెట్టిన ప్రతిచోటా దాని వెనక ఒక మురికి గుంట ఉంటుంది. క్యాను నీళ్లు కొనుక్కునే ప్రతి ఇల్లాలికీ ఆ గుంట సంగతి తెలుసు. నా పత్రాల్లో ఆ గుంట ఎక్కడా లేదు.

అంతకంటే దగ్గరి తప్పు ఒకటి నా ల్యాబులోనే జరుగుతోంది. మాకు ప్రయోగాలకు డిస్టిల్డ్ వాటర్ కావాలి. గాజు సెట్టులో నీరు మరిగి, ఆవిరై, చల్లబడి బొట్టుబొట్టుగా దిగుతుంది. ఆ ఆవిరిని చల్లబరచడానికి చుట్టూ కుళాయి నీళ్లు పారుతూనే ఉండాలి. ఆ నీళ్లు రబ్బరు పైపులోంచి నేరుగా సింకులోకి పోతాయి. ఒకరోజు ఆ అమ్మాయి పైపు చివర బకెట్ పెట్టింది. ఐదు లీటర్ల క్యాను నిండేలోపు బకెట్ ఆరుసార్లు నిండింది. రోజూ ఆ సింకు పక్క నుంచే నడిచేవాణ్ణి. ఆ చప్పుడు చిన్నప్పుడు మామ తోటలో విన్న చప్పుడే. పైపును ట్యాంకులోకి తిప్పి ఆ నీళ్లనే మళ్లీ వాడుకోవడానికి మాకు పట్టింది ఒక పంపు, ఒక మధ్యాహ్నం.

నాయన ప్రొద్దుటూరులో బంగారు అంగట్లో గుమాస్తాగా ముప్పై ఏళ్లు చేశాడు. తూకం వేసే ముందు ఫ్యాను ఆపేవాడు. త్రాసు పెట్టె అద్దం మూసి, ముల్లు నిలబడేదాకా ఊపిరి కూడా నిదానంగా తీసేవాడు. బిల్లులో బంగారం బరువు, మజూరీ, తరుగు వేర్వేరుగా రాసేవాడు. నగ చేసేటప్పుడు అరగదీతలో, కరిగింపులో పోయే బంగారం తరుగు. కొనేవాళ్లకు ఆ మాట చేదు. కొందరు గుమాస్తాలు దాన్ని మజూరీలో కలిపేసి తియ్యగా చెప్పేవాళ్లు. నాయన కలిపేవాడు కాదు. "పోయిందాన్ని పోయిందనే రాయాల నాయనా, లేకుంటే ఉన్నదాన్నీ నమ్మరు" అనేవాడు. నేను ఇంటికి పోయినప్పుడల్లా నా పని గురించి అడిగేవాడు. నేను ఎంత వచ్చిందో చెప్పేవాణ్ణి. ఎంత పోయిందో చెప్పినట్టు గుర్తు లేదు.

నా పనిలో తరుగు ఎక్కడుందో చెప్పాలంటే ఆ పని కొంచెం చెప్పాలి. నీటిని విడగొట్టడంలో రెండు భాగాలున్నాయి. ఒక ఎలక్ట్రోడ్ దగ్గర హైడ్రోజన్ పుడుతుంది, రెండోదాని దగ్గర ఆక్సిజన్. హైడ్రోజన్ తేలిక, రెండు ఎలక్ట్రాన్లతో పని అయిపోతుంది. ఒక్క ఆక్సిజన్ అణువు బయటికి రావాలంటే మాత్రం రెండు నీటి అణువుల్లోంచి నాలుగు ఎలక్ట్రాన్లు, నాలుగు ప్రోటాన్లు ఊడిరావాలి, విడిపోయిన రెండు ఆక్సిజన్ పరమాణువులు ఒకదానికొకటి అతుక్కోవాలి. ఇదంతా ఆ ఎలక్ట్రోడ్ పైపొర మీద మెట్టు మెట్టుగా జరగాలి. సిద్ధాంతం ప్రకారం మొత్తం పనికి 1.23 వోల్టులు చాలు. ఆచరణలో ఏదో ఒక మెట్టు దగ్గర పని ఆగుతుంది, ఇంకొంత వోల్టేజీ పెట్టి తోయాలి. ఆ అదనపు తోపును తగ్గించే పదార్థాన్ని వెతకడమే మా వృత్తి. ఆక్సిజన్ పుట్టే చోట మామూలు లోహాన్ని పెడితే అది ఎలాగూ ఆక్సైడ్ అయిపోతుంది, అందుకే ముందే లోహ ఆక్సైడ్లతో మొదలుపెడతాం. ఆక్సైడ్ ఆక్సిజన్‌ను మరీ గట్టిగా పట్టుకుంటే వదలదు. మరీ వదులుగా పట్టుకుంటే పని మొదలే కాదు. ఆమ్లంలో ఇరిడియం ఆక్సైడ్ మేలైనదే, కానీ ఇరిడియం ప్రపంచమంతా కలిపి ఏడాదికి కొద్ది టన్నులే వస్తుంది. అందుకని మాలాంటివాళ్లు క్షార ద్రావణంలో నికెల్, కోబాల్ట్, మాంగనీసు, ఇనుము పట్టుకుని పనిచేస్తాం. ఆకు ఇదే పనిని నాలుగు మాంగనీసు పరమాణువులు, ఒక కాల్షియం ఉన్న చిన్న గుత్తితో చేస్తుంది. మామ తోటలో ప్రతి చీనీ ఆకులోనూ ఆ గుత్తి ఉండేది.

1972లో జపాన్‌లో ఫుజిషిమా, హోండా టైటానియం డయాక్సైడ్ ఎలక్ట్రోడ్ మీద వెలుగు వేసి నీటిని విడగొట్టవచ్చని చూపించారు. ఆ దారిలో మనవాళ్లూ చాలా పనిచేశారు. హైదరాబాద్ ఐఐసీటీలో మాచిరాజు సుబ్రహ్మణ్యం, వి. దుర్గాకుమారి, కడప యోగి వేమన విశ్వవిద్యాలయంలో ఎం.వి. శంకర్ బృందం వాళ్లలో ఉన్నారు. నేను వేరే రాష్ట్రంలో పీహెచ్‌డీ చేస్తూ అదే పదార్థంతో మొదలుపెట్టాను. ఉత్త నీళ్లలో వచ్చే హైడ్రోజన్ చాలా తక్కువ. నీళ్లలో కాస్త గ్లిజరిన్ కలిపితే ఎన్నో రెట్లు పెరిగింది. కారణం సులువే: ఆక్సిజన్ పుట్టించే కష్టమైన సగం తప్పిపోతుంది, నీటి బదులు గ్లిజరిన్ ఎలక్ట్రాన్లు ఇచ్చేస్తుంది. గ్లిజరిన్ కలపడంలో తప్పు లేదు. బయోడీజిల్ తయారీలో మిగిలిపోయే గ్లిజరిన్ నుంచి హైడ్రోజన్ తీయడం మంచి పని, అలా చెప్పి చేసేవాళ్లది నిజాయితీ. నేను మాత్రం శీర్షికలో "నీటి విభజన" అని పెట్టాను. ఆక్సిజన్ రాలేదు. రాదని నాకు తెలుసు. పట్టికలో ఆక్సిజన్ గడినే గీయలేదు.

అప్పుడే ఎవరైనా చెవి మెలేసి ఉంటే రెండో తప్పు జరిగేది కాదేమో. ఎవరూ మెలేయలేదు, అది వాళ్ల తప్పూ కాదు.

రెండో తప్పు పెద్దది. ఉద్యోగంలో చేరాక నికెల్, కోబాల్ట్ కలిసిన ఆక్సైడ్ ఒకటి తయారు చేశాను. నురుగులా గుల్లబారిన నికెల్ ముక్క మీద దాన్ని పూతలా పెంచి, పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో ముంచి కరెంటు పంపితే ఆక్సిజన్ బుడగలు ముసురుకుని వచ్చేవి. విచిత్రం ఏమిటంటే రోజులు గడిచేకొద్దీ ఎలక్ట్రోడ్ ఇంకా బాగా పనిచేసేది. మామూలుగా ఉత్ప్రేరకాలు అరిగిపోతాయి, నాది మెరుగయ్యేది. పైపొరలో పరమాణువులు తమంతట తాము కొత్త అమరికలోకి సర్దుకుంటున్నాయని ఒక సిద్ధాంతం అల్లాను. దానికో బొమ్మ గీశాను. రెండు పత్రాలు అచ్చయ్యాయి. నలుగురూ మెచ్చుకున్నారు, నాకూ నచ్చింది.

పొటాషియం హైడ్రాక్సైడ్ బిళ్లల సీసా మీద మలినాల చీటీ ఉంటుంది. అందులో ఇనుము కూడా ఉంటుంది, అతి స్వల్పంగా. ఆ కొంచెం ఇనుము ద్రావణంలోంచి వచ్చి నికెల్ పొరలోకి చేరుతుందనీ, ఆక్సిజన్ పుట్టించే పనిని అమాంతం పెంచుతుందనీ 1987లోనే కోరిగన్ అనే శాస్త్రవేత్త చూపించాడు. 2014లో అమెరికాలో ఒరెగన్ విశ్వవిద్యాలయంలో బోచర్ బృందం ఇంకా గట్టిగా రుజువు చేసింది: ద్రావణంలోంచి ఇనుమును పూర్తిగా తీసేస్తే ఉత్త నికెల్ ఆక్సైడ్ ఈ పనికి చాలా బలహీనం. ఎడిసన్ కాలం నాటి నికెల్ బ్యాటరీలు చేసినవాళ్లకు కూడా నికెల్ పలకలో ఇనుము చేరితే ఛార్జింగులో ఆక్సిజన్ బుడగలు ఎక్కువవుతాయని తెలుసు. వాళ్లకది బెడద, మాకు వరం.

2014 నాటి ఆ పత్రాన్ని నేను చదివాను. చదివానని నా పత్రంలో ప్రస్తావించాను కూడా. ద్రావణాన్ని శుద్ధి చేసే పద్ధతి అందులో వివరంగానే ఉంది: కొంత నికెల్ లవణాన్ని పొటాషియం హైడ్రాక్సైడ్‌లో వేస్తే నికెల్ హైడ్రాక్సైడ్ పొడి ఏర్పడుతుంది, ఆ పొడి ఇనుమును లాగేసుకుంటుంది, సెంట్రిఫ్యూజులో తిప్పి పైతేట తీసుకోవాలి. ఒక్క రోజు పని. నేను చేయలేదు. తీరిక లేక వదిలేశానని చాలాకాలం అనుకున్నాను. ఇప్పుడు అలా అనలేను. ఏం బయటపడుతుందో లోలోపల తెలిసే ఆ సీసా జోలికి పోలేదు.

నేను పెరిగిన చోటును తలచుకుంటే ఇది ఇంకా కష్టంగా ఉంటుంది. మా వీధిలో బంగారు పనివాళ్ల అంగళ్ల ముందు తెల్లవారుజామున కాలవ మట్టి ఎత్తుకుపోయేవాళ్లు ఉండేవాళ్లు. ఆ మట్టిని కడిగి, జల్లించి, అందులో కంటికి కనిపించని బంగారు రజను తీసి బతికేవాళ్లు. పనివాళ్లు అంగడి ఊడ్చిన చెత్తను కూడా పారేయరు, దాచి అమ్ముతారు. కంటికి ఆననిదానికీ లెక్క ఉంటుందని చూస్తూ పెరిగాను. పెద్దయ్యాక సీసాలోని ఇనుము కంటికి ఆనదు కదా అని లెక్కలోంచి తీసేశాను.

ఆ శుద్ధి చేసిందీ ఆ అమ్మాయే. నన్ను అడగలేదు, అడిగితే వద్దంటానని అనుకుని ఉంటుంది. ఒక సోమవారం రెండు గ్రాఫులు తెచ్చి పక్కపక్కన పెట్టింది. పాత ద్రావణంలో మూడు వందల మిల్లీవోల్టుల అదనపు తోపుతో వచ్చిన కరెంటు, శుద్ధి చేసిన ద్రావణంలో నాలుగు వందలు దాటినా రాలేదు. రోజురోజుకూ మెరుగుపడటం అసలే లేదు. శుద్ధి చేసిన ద్రావణంలో చిటికెడు ఇనుప లవణం వేయగానే పాత గీత తిరిగి వచ్చింది. నా సిద్ధాంతం, నా బొమ్మ, ఆ రెండు గీతల మధ్య ఎక్కడా మిగల్లేదు.

"సార్, ఇది చెడ్డ వార్త కాదు. పని చేసేది ఇనుమని తెలిసింది గదా, అది అందరి దగ్గరా ఉంటుంది" అంది. నిజమే. నా పదార్థంలో కోబాల్ట్ ఖరీదైనది, దూరదేశాల నుంచి రావాలి. ఇనుము ప్రతి ఎర్రమట్టి దిబ్బలోనూ ఉంది. ఆ చీటీ చదివిన రోజే ఆ ఒక్కరోజు పని చేసి ఉంటే, నా పేరు మీద ఉన్న రెండు పత్రాలూ ఇనుము గురించి ఉండేవి, నిజమై ఉండేవి. అవి చూసి పని మొదలుపెట్టినవాళ్లు కోబాల్ట్ కొనుక్కుని ఉండేవాళ్లు కాదు.

ఇక చెప్పడానికి అన్నిటికంటే కష్టమైనది. ఆ గ్రాఫులు చూసిన రోజుకూ, పత్రికకు సవరణ పంపిన రోజుకూ మధ్య ఎనిమిది నెలలు గడిచాయి. ఆ ఎనిమిది నెలల్లో నా పదోన్నతి ఇంటర్వ్యూ ఉంది. ప్రయోగం ఇంకోసారి చేద్దాం, వేరే సీసాతో చేద్దాం, వేరే చోట ఇనుము కొలిపిద్దాం అని ఆమెతో అన్నాను. ప్రతి ఒక్కటీ సబబైన మాటే. ఆమె ప్రతి ఒక్కటీ చేసింది, ప్రతిసారీ అదే జవాబు వచ్చింది. ఇంటర్వ్యూలో నా ముఖ్యమైన పని ఏమిటని అడిగితే ఆ రెండు పత్రాలే చెప్పాను. ప్రొఫెసర్‌నయ్యాను. మూడు వారాల తర్వాత సవరణ పంపాను. ఆ ఎనిమిది నెలలు ఆమె థీసిస్ ఆగింది. తోటి విద్యార్థులు ఎందుకు ఆలస్యమని అడిగితే ఏం చెప్పిందో నేను అడగలేదు.

నాయనకు ఈ సంగతి నేనే చెప్పాను. పూర్తిగా అర్థమైందో లేదో తెలియదు. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ పాప పేరు ముందు రాసినావా?" అని అడిగాడు. రాశాను. సవరణ మీదా, ఆ తర్వాత ఇనుము గురించి వచ్చిన పత్రం మీదా మొదటి పేరు ఆమెదే. ఇంకేమీ అనలేదు.

ఆ పదో పత్రం మొదటి వాక్యం ఇప్పుడు వేరు. కిలో హైడ్రోజన్‌కు ఎంత నీరు పడుతుంది, మేము ఏ నీరు వాడాం, ఎంత పారబోశాం అన్నది అందులో ఉంది. పట్టికలో ఆక్సిజన్ గడి ఉంది. ద్రావణంలో ఇనుము ఎంతుందో కొలిచిన అంకె ఉంది. పత్రిక సంపాదకులు మొదటి వాక్యం మరీ పొడవైందన్నారు. తగ్గించలేదు.

ఇది రాయడానికి కారణం ఒకటే. ప్రొద్దుటూరు వైఎస్ఆర్ ఇంజనీరింగ్ కాలేజీలో, పులివెందుల జేఎన్‌టీయూ కాలేజీలో, కడప విశ్వవిద్యాలయంలో ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలున్నారు. వాళ్లు నికెల్, కోబాల్ట్ ఆక్సైడ్ మీద వెతికితే, రోజురోజుకూ మెరుగయ్యే ఎలక్ట్రోడ్ గురించి రాసిన రెండు పత్రాలు కనిపించవచ్చు. పరమాణువులు సర్దుకుంటున్న బొమ్మ వాటిలో ఉంటుంది. అవి నావి. ఆ గీతలను మీ పనికి పోలికగా వాడవద్దు. వాటితో పాటున్న సవరణ చదవండి. మీ పొటాషియం హైడ్రాక్సైడ్‌ను ముందు శుద్ధి చేయండి, ఆ తర్వాతే ఎలక్ట్రోడ్ ముంచండి.